అతిథుల కోసం ఇంట్లో సాంగ్రియా: ఏది ఎప్పుడు కలపాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. పన్నెండు మంది అతిథులు వస్తున్నారు, వారిలో ముగ్గురు మద్యం తీసుకోరు. వైన్‌లో పండ్లు, పండ్లరసం, సోడా కలిపి చల్లగా తాగే స్పెయిన్ పానీయం సాంగ్రియా, ఇంతకుముందు మీరు చేసినప్పుడు మొదట్లో వగరుగా, చేదుగా ఉంది. చివరి గ్లాసుల వరకు వచ్చేసరికి నీళ్లలా పలచబడింది. ఈసారి అలా జరగకుండా ఏ వైన్ కొనాలి, ఎంత చేయాలి, ఎన్ని గంటల ముందు మొదలుపెట్టాలి అని అడిగారు. నేను చాలా కాలంగా విందులకు సాంగ్రియా కలుపుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

వగరు, చేదు, పలచదనం అనే ఈ మూడు లోపాలకు కారణాలు వేర్వేరు. వగరు వైన్ నుంచి వస్తుంది, చేదు పండ్ల తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది, పలచదనం ఐసు వల్ల వస్తుంది. వైన్‌ను సరిగ్గా ఎంచుకుంటే వగరు తీరిపోతుంది. మిగిలిన రెండూ మాత్రం ఏ పదార్థం ఎప్పుడు పాత్రలో పడాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్నదాని మీదే ఆధారపడి ఉంటాయి. చాలామంది అన్నింటినీ ఒకేసారి పెద్ద జగ్గులో పోసి, పైన ఐసు వేసి, కలిపి, అలాగే బల్ల మీద పెడతారు. సాంగ్రియా చెడిపోయేది ఎక్కువగా ఆ పద్ధతి వల్లనే.

ముందు వైన్ సంగతి చూద్దాం. ద్రాక్ష తొక్కల్లోనూ, గింజల్లోనూ, వైన్ నిలవ చేసే ఓక్ చెక్క పీపాల్లోనూ ఉండే టానిన్లే నాలుకను పట్టి లాగినట్టుండే వగరుకు కారణం. గది వేడిమికి దగ్గరగా తాగినప్పుడు హాయిగా అనిపించే టానిన్, అదే వైన్‌ను బాగా చల్లబరిస్తే గరుకుగా మారుతుంది. చల్లదనంలో తీపి తక్కువగా, వగరు, చేదు ఎక్కువగా తెలుస్తాయి. సాంగ్రియాను 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర తాగుతాము కాబట్టి, విడిగా తాగడానికి ఎంతో బాగుండే గాఢమైన, ఓక్ పీపాలో ఏళ్ల తరబడి ఉంచిన రెడ్ వైన్ ఇక్కడ పనికిరాదు. స్పెయిన్ వైన్లలో గార్నాచా రకం, లేదా పీపాలో పెట్టని లేత టెంప్రనీయో రకం దీనికి చక్కగా సరిపోతాయి. సీసా మీద ‘హోవెన్’ (Joven) అనే మాట ఉంటే అది లేత వైన్ అని అర్థం. ‘క్రియాన్సా’ (Crianza) అని ఉన్న, స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు రెడ్ వైన్ కనీసం రెండేళ్లు, అందులో కనీసం ఒక ఏడాది ఓక్ పీపాలో గడిపి వచ్చినది కాబట్టి దానిని భోజనంతో విడిగా తాగడానికి ఉంచుకోండి. స్పెయిన్ వైన్ దొరకకపోతే లేత మెర్లో, గామే రకాలు కూడా బాగానే ఉంటాయి. కాబెర్నే సోవిన్యోన్ మాత్రం నేను వాడను, అందులో టానిన్ ఎక్కువ.

ధర గురించి ఒక మాట చెప్పాలి. ఖరీదైన వైన్ అవసరం లేదన్నది నిజమే, కానీ దాన్ని పట్టుకుని పాడైన వైన్‌నైనా పండ్లతో, చక్కెరతో కప్పిపుచ్చవచ్చు అనుకోవడం సరికాదు. వారం కిందట తెరిచి మిగిలిపోయి పుల్లటి వెనిగర్ వాసన పట్టిన వైన్, లేదా కార్కు దోషం వల్ల తడిసిన అట్టముక్కలా వాసన వచ్చే వైన్, సాంగ్రియాలో పోస్తే ఆ దోషం జగ్గంతా వ్యాపిస్తుంది. ప్రతి సీసాను తెరవగానే గ్లాసులో కొద్దిగా పోసుకుని వాసన చూసి, ఒక గుక్క రుచి చూసి, ఆ తరువాతే పెద్ద పాత్రలో కలపండి. మూడు సీసాలలో ఒక్కటి చెడ్డదైనా మిగిలిన రెండూ దానితో పాటు పోతాయి.

ఇక కొలతలు. మద్యం తీసుకునే తొమ్మిది మందికి తలా రెండు గ్లాసులు, గ్లాసుకు 200 మిల్లీలీటర్ల చొప్పున లెక్కవేస్తే 3.6 లీటర్లు కావాలి. దీనికి 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలు మూడు సరిపోతాయి. వాటికి తోడు 120 మిల్లీలీటర్ల బ్రాందీ, 90 మిల్లీలీటర్ల నారింజ లిక్యూర్ (నారింజ వాసన ఉన్న తీపి మద్యం), అప్పుడే పిండిన నారింజ రసం 450 మిల్లీలీటర్లు, నిమ్మరసం 60 మిల్లీలీటర్లు, చక్కెర 100 గ్రాములు, చివర్లో కలపడానికి చల్లటి సోడా 750 మిల్లీలీటర్లు తీసుకుంటే అంతా కలిపి సుమారు 3.8 లీటర్లు అవుతుంది. వైన్‌లో 13 శాతం, బ్రాందీ, లిక్యూర్లలో 40 శాతం ఆల్కహాల్ ఉన్నాయనుకుంటే, ఈ మిశ్రమంలో ఆల్కహాల్ దాదాపు 10 శాతం వస్తుంది. పోలిక కోసం చెబుతున్నాను: సాంగ్రియా పేరుతో అమ్మే పానీయంలో ఆల్కహాల్ కనీసం 4.5 శాతం, గరిష్ఠంగా 12 శాతం లోపు ఉండాలని, తయారైన దేశం స్పెయిన్ లేదా పోర్చుగల్ అయినప్పుడే ఆ పేరు ఒక్కటే అమ్మకపు పేరుగా పెట్టుకోవచ్చని 2014లో యూరోపియన్ యూనియన్ నిబంధన చేసింది. ఇంట్లో చేసుకునేదానికి ఆ నియమం వర్తించదు కానీ, ఎంత గాఢత వరకు దీన్ని సాంగ్రియా అనవచ్చో చెప్పే మంచి కొలబద్ద అది.

బ్రాందీ, లిక్యూర్ రెండూ తప్పనిసరి కాదు. వాటిని పూర్తిగా వదిలేస్తే ఆల్కహాల్ 8 శాతం దగ్గరికి దిగుతుంది, పానీయం తేలికపడుతుంది, పగటిపూట విందుకు నిజానికి అదే నయం. అవి కలిపితే పండ్ల వాసనకు ఒక వెచ్చదనం, లోతు వస్తాయి. కానీ పైన చెప్పిన కొలత దాటితే వైన్ రుచి అణగిపోయి, గొంతులో మంట మాత్రమే మిగులుతుంది. వోడ్కా, రమ్ వంటివి కూడా కలపమని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే అది వేరే పానీయం అవుతుంది, సాంగ్రియా కాదు. ఎంత పండ్లరసం, ఎంత తీపి ఉన్నా తాగేవారికి మొదట వైన్ తెలియాలి అన్నదే నేను ఎప్పుడూ పాటించే నియమం.

చేదు ఎలా వస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నారింజ, నిమ్మ తొక్కలో రంగు ఉన్న పైపొరలో సువాసన నూనెలు ఉంటాయి. దాని కిందనున్న తెల్లని పొరలోనూ, గింజల్లోనూ లిమొనిన్ వంటి చేదు పదార్థాలు ఉంటాయి. వైన్‌లోని ఆల్కహాల్ ఆ రెండింటినీ లాగుతుంది. నూనెలు త్వరగా దిగుతాయి, చేదు నెమ్మదిగా, గంటలు గడిచేకొద్దీ దిగుతూనే ఉంటుంది. తొక్కతో సహా చక్రాలుగా కోసిన నారింజను ముందు రాత్రే వైన్‌లో వేస్తే, మర్నాటికి మనకు కావలసిన వాసన ఎప్పుడో వచ్చేసి, అక్కరలేని చేదు మాత్రం పేరుకుపోయి ఉంటుంది. చాలామంది ఆ చేదును చూసి చక్కెర పెంచుతారు. దానితో పానీయం తీపిగానూ, చేదుగానూ రెండు విధాలా భారంగా తయారవుతుంది.

అందుకని వాసనను, పండును వేరు చేయడమే సరైన పని. నారింజలు మూడు, లెమన్ అని పిలిచే పెద్ద పసుపు నిమ్మకాయలు రెండు తీసుకుని, గోరువెచ్చని నీటిలో గట్టిగా రుద్ది కడగండి. పండ్లు మెరవడానికి పూసే మైనం అలా కడిగితే చాలావరకు పోతుంది. కూరగాయల తొక్క తీసే పీలరుతో పైన రంగున్న పొరను మాత్రమే, తెల్లభాగం వీలైనంత తక్కువ అంటుకునేలా, పట్టీలుగా తీయండి. ఆ పట్టీలను 100 గ్రాముల చక్కెరతో ఒక గిన్నెలో వేసి, గరిటె వెనుక భాగంతో ఒకటి రెండు నిమిషాలు నలిపి, మూతపెట్టి ఒకటిన్నర గంట పక్కన ఉంచండి. చక్కెర ఆ నూనెలను పీల్చుకుని తడిసిన ఇసుకలా అవుతుంది, మూత తీయగానే వాసన గది నిండా వస్తుంది. తరువాత నారింజ రసం, నిమ్మరసం అందులో పోసి చక్కెర కరిగేదాకా కలిపి, పట్టీలను వడకట్టి తీసేయండి. రసం పిండేటప్పుడు గింజలు పడకుండా చూసుకోండి. ఈ ఒక్క పని కోసం అదనంగా వెచ్చించే సమయం మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇస్తుందని నా దృఢమైన నమ్మకం. పైగా చల్లటి వైన్‌లో నేరుగా వేసిన చక్కెర సరిగా కరగక అడుగున పేరుకుపోయే ఇబ్బంది కూడా దీనితో తప్పుతుంది. చిన్న పచ్చ నిమ్మకాయలే దొరికితే వాటి రసం మాత్రమే వాడండి, తొక్క వద్దు.

ఈ రసంలో వైన్, బ్రాందీ, లిక్యూర్ కలిపితే మూలమిశ్రమం సిద్ధమవుతుంది. ఇది విందుకు ముందు రాత్రి గానీ, సాయంత్రం విందు అయితే ఉదయాన్నే గానీ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. గాజు, పింగాణీ, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు వాడండి. వైన్, నిమ్మరసం రెండూ ఆమ్లగుణం ఉన్నవే కాబట్టి రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రల్లో గంటల తరబడి ఉంచడం ఆరోగ్యానికీ మంచిది కాదు, లోహపు రుచి కూడా దిగుతుంది. పాత్ర అంచుల దాకా నిండి, మూత బిగువుగా ఉంటే గాలి తక్కువ తగిలి వైన్ తాజాగా ఉంటుంది. ఫ్రిజ్‌లో ఉల్లి, వెల్లుల్లి వంటి ఘాటైన పదార్థాలు ఉంటే ఇది మరీ అవసరం.

పండ్లన్నీ ఒకే సమయంలో వేయకూడదు. యాపిల్, పియర్ గట్టివి, రాత్రంతా వైన్‌లో ఉన్నా చెక్కుచెదరవు, పైగా వైన్‌ను బాగా పీల్చుకుంటాయి. మూడు సీసాలకు రెండు యాపిళ్లను తొక్కతోనే చిన్న ఘనాలుగా కోసి ముందు రాత్రే వేయండి. స్పెయిన్‌లో చాలామందికి పీచ్ పండు లేని సాంగ్రియా అసంపూర్ణంగా అనిపిస్తుంది, నాకూ అంతే. పండీ పండని గట్టి పీచ్‌లు మూడింటిని ముక్కలు చేసి, వడ్డించడానికి నాలుగు గంటల ముందు వేయండి. బాగా మెత్తబడిన పీచ్ అయితే కరిగిపోయి పానీయాన్ని మడ్డిగా చేస్తుంది. నారింజ చక్రాలు అందానికి కావాలనుకుంటే కొత్తగా ఒక నారింజను పలచగా కోసి, చివరి గంటలో వేయండి. స్ట్రాబెర్రీలు ఎక్కువసేపు నానితే రంగు వెలిసిపోయి స్పాంజిలా అవుతాయి, వాటిని వడ్డించే ముందు అరగంట మించి ఉంచవద్దు. అరటి, పుచ్చ, ఖర్బూజా నేను వేయను. అరటి కరిగి జిగటగా చేస్తుంది, పుచ్చకాయ నీరు వదులుతుంది, ఖర్బూజా వాసన మిగతా అన్నింటినీ మింగేస్తుంది.

దాల్చిన చెక్క ఒక్క పుల్ల చాలు, అదీ రెండు మూడు గంటలు ఉంచి తీసేయాలి, రాత్రంతా ఉంచితే ఔషధంలా వాసన వస్తుంది. లవంగాలు, ఏలకులు వద్దనే చెబుతాను. చలికాలపు వేడి వైన్‌కు అవి సరిపోతాయి, ఈ చల్లటి పానీయానికి కాదు.

రుచి చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కలిపిన వెంటనే, అంటే ఇంకా చల్లబడకముందు, రుచి చూసి చక్కెర సరిచేయకండి. అప్పుడు సరిపోయినట్టు అనిపించే తీపి, చల్లబడ్డాక తగ్గినట్టు అనిపిస్తుంది. మిశ్రమం పూర్తిగా చల్లబడ్డాక, ఒక చిన్న గ్లాసులో మూలమిశ్రమం నాలుగు వంతులు, సోడా ఒక వంతు, ఒక ఐసు ముక్క వేసి, అతిథి తాగబోయే రూపంలోనే రుచి చూడండి. తీపి చాలకపోతే చక్కెర, నీళ్లు సమానంగా వేడిచేసి చల్లార్చిన పాకం కొద్దికొద్దిగా కలపండి. తీపి ఎక్కువైతే నిమ్మరసం కలపండి. వగరు ఇంకా మిగిలి ఉంటే నారింజ రసం కొంచెం పెంచండి. చేదు తగిలితే, రెండు వేళ్లకు వచ్చే చిటికెడు ఉప్పు వేసి కలిపి చూడండి. ఉప్పుదనం తెలియనంత కొద్ది ఉప్పు కూడా చేదును నాలుక మీద అణచివేస్తుంది. చేదు మరీ ఎక్కువైతే మాత్రం దాన్ని పూర్తిగా పోగొట్టే ఉపాయం లేదు, ఇంకొక సీసా వైన్ కలిపి పలచన చేయడమే దారి.

ఇప్పుడు పలచబడటం గురించి. ఒక లీటరు ద్రవాన్ని 25 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు ఐసుతోనే చల్లబరచాలంటే సుమారు 250 గ్రాముల ఐసు కరగాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక కేలరీ వేడిని తీసేయాలి, ఒక గ్రాము ఐసు కరుగుతూ దాదాపు 80 కేలరీలు తీసుకుంటుంది. ఈ రెండింటి నుంచి వచ్చే లెక్క అది. అంటే గది వేడిమిలో ఉన్న సాంగ్రియాలో ఐసు వేస్తే, మొదటి గ్లాసు చల్లబడేలోపే పావు వంతు నీళ్లు కలిసిపోతాయి. ఆ తరువాత జగ్గు బల్ల మీద ఉన్నంతసేపూ ఇంకా కరుగుతూనే ఉంటుంది. మీ చివరి గ్లాసులు నీళ్లలా మారడానికి కారణం ఇదే అయి ఉంటుంది. మూలమిశ్రమం, సోడా, చేతనైతే గ్లాసులు కూడా ముందే ఫ్రిజ్‌లో చల్లబడి ఉంటే ఐసు చేయవలసిన పని చాలా తగ్గిపోతుంది. జగ్గులో ఐసు అసలు వేయకండి. గ్లాసులో రెండు మూడు పెద్ద ముక్కలు వేసి, దాని మీద పోయండి. పెద్ద ముక్కల ఉపరితలం తక్కువ కాబట్టి అవి చిన్న ముక్కలకన్నా నెమ్మదిగా కరుగుతాయి. జగ్గు చల్లగా ఉండాలంటే, ఐసు నింపిన వెడల్పాటి గిన్నెలో జగ్గును నిలబెట్టవచ్చు, లేదా గింజలు లేని ద్రాక్షపండ్లను ముందురోజే ఫ్రీజరులో గడ్డకట్టించి ఐసుకు బదులుగా వేయవచ్చు.

సోడా కూడా మొత్తం ఒకేసారి పోయవద్దు. గ్యాసు చల్లటి ద్రవంలోనే నిలుస్తుంది, వెచ్చబడితే పొంగి పోతుంది. ఒకసారి కలిపినది గంటలోపే చప్పబడుతుంది. ఒక జగ్గు నింపిన ప్రతిసారీ, లీటరు మూలమిశ్రమానికి 250 మిల్లీలీటర్ల చొప్పున అప్పుడే తెరిచిన సోడా పోసి, అడుగు నుంచి ఒక్కసారి మెల్లగా కలిపి బల్ల మీదికి పంపండి. మిగిలిన మూలమిశ్రమం ఫ్రిజ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆఖరి జగ్గు కూడా మొదటి జగ్గులాగే ఉంటుంది. తీపి నిమ్మ సోడా వాడాలనుకుంటే అందులో అప్పటికే చక్కెర బాగా ఉంటుంది. అలాంటప్పుడు తొక్కలతో నలిపే చక్కెరను 30 గ్రాములకు తగ్గించుకోండి. వడ్డించేటప్పుడు స్పెయిన్‌లో పొడవాటి చెక్క గరిటెను జగ్గు మూతి దగ్గర అడ్డుపెట్టి పండ్లను ఆపుతూ పోస్తారు. తరువాత కొన్ని పండ్ల ముక్కలను అదే గరిటెతో ప్రతి గ్లాసులో వేస్తారు. దీనివల్ల పండ్లు ఒక్కసారిగా పడి పానీయం బల్ల మీద చిమ్మకుండా ఉంటుంది, అందరికీ పండు సమంగా అందుతుంది.

తెల్ల వైన్‌తో చేసే సాంగ్రియా గురించి క్లుప్తంగా చెబుతాను. వెర్దేహో, అల్బరీన్యో, సోవిన్యోన్ బ్లాంక్ వంటి పులుపుదనం ఉన్న, ఓక్ తగలని వైన్ తీసుకుని, పియర్, పీచ్, తెల్ల ద్రాక్ష వేసి, బ్రాందీ లేకుండా లిక్యూర్ మాత్రమే సగం కొలతలో కలిపితే చక్కగా ఉంటుంది. చివర్లో సోడాకు బదులు చల్లటి కావా, అంటే నురగలొచ్చే స్పెయిన్ వైన్, పోస్తే మరింత కళగా ఉంటుంది, అయితే ఆల్కహాల్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. దీనికి నానబెట్టే సమయం మూడు నాలుగు గంటలు చాలు.

మద్యం తీసుకోని ముగ్గురికి ఏదో ఒక జ్యూసు సీసా ఇచ్చి ఊరుకోవడం నాకు నచ్చదు. వాళ్లు కూడా అదే బల్ల దగ్గర, అదే శ్రద్ధతో చేసిన పానీయం తాగాలి. ద్రాక్షరసంతో మాత్రమే చేస్తే అది తియ్యగా, ఒకే రుచితో ఉంటుంది. వైన్‌లో ఉండే ఆ సన్నని వగరు అందులో ఉండదు. ఆ లోటును నల్ల టీ తీరుస్తుంది, ఎందుకంటే టీలోనూ అలాంటి వగరు పదార్థాలే ఉంటాయి. పాలు, చక్కెర లేకుండా నాలుగు నిమిషాలు కాచి వడకట్టి చల్లార్చిన టీ డికాక్షన్ 400 మిల్లీలీటర్లు, చక్కెర కలపని ఎర్ర ద్రాక్షరసం 750 మిల్లీలీటర్లు, దానిమ్మ రసం 250 మిల్లీలీటర్లు, నిమ్మరసం 60 మిల్లీలీటర్లు కలిపి, నారింజ తొక్క పట్టీలు రెండు మూడు, దాల్చిన చెక్క సగం పుల్ల వేసి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి తీసేయండి. పండ్లు ఇందులోకి విడిగా కోయాలి. వడ్డించేటప్పుడు 500 మిల్లీలీటర్ల సోడా కలిపితే దాదాపు రెండు లీటర్లు అవుతుంది. ద్రాక్షరసంలో సహజంగానే చక్కెర చాలా ఉంది కాబట్టి ఇంకేమీ తీపి అవసరం లేదు. రెండు లీటర్లు ముగ్గురికి ఎక్కువే, కానీ మద్యం తాగేవారు కూడా మధ్యలో ఇది అడుగుతారు, అది మంచి అలవాటే. ఆల్కహాల్ తీసేసిన వైన్ కొని వాడవచ్చా అంటే, అలాంటి వాటిలో చాలావరకు 0.5 శాతం దాకా ఆల్కహాల్ మిగిలి ఉండవచ్చు. మతనియమం వల్లనో, వైద్యుడి సలహా వల్లనో, అలవాటు మానేసినందువల్లనో పూర్తిగా దూరంగా ఉండేవారికి అది ఇవ్వకూడదు. మద్యం లేని ఈ జగ్గు ఆకారంలోనే వేరుగా ఉండాలి, దానికి గరిటె వేరుగా ఉండాలి, పైన కాగితం మీద స్పష్టంగా రాసి ఉండాలి. రెండూ ఒకే ఎర్ర రంగులో ఉంటాయి కాబట్టి ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇంకో విషయం కూడా గట్టిగా చెప్పాలి. సాంగ్రియా పండ్లరసంలా తియ్యగా, చల్లగా గొంతు దిగుతుంది, కానీ పైన చెప్పిన కొలతల ప్రకారం 200 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అది 150 మిల్లీలీటర్ల మామూలు వైన్ గ్లాసులో ఉండేదానికి సమానమే, కొంచెం ఎక్కువే. పలచన చేశాము కదా అనుకుని దాహానికి తాగినట్టు తాగేవారు తమకు తెలియకుండానే పరిమితి దాటుతారు. అతిథులకు మొదటి గ్లాసు ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పండి, బల్ల మీద మంచినీళ్లు ఎప్పుడూ ఉంచండి, ఆలివ్‌లు, చీజ్, అలాగే గుడ్లతో, బంగాళాదుంపలతో చేసే స్పానిష్ ఆమ్లెట్ వంటి ఉప్పగా ఉండే తినుబండారాలు ముందే వడ్డించండి. వాహనం నడపవలసినవారికి, గర్భిణులకు, చట్టం అనుమతించే వయసు రానివారికి మద్యం లేని జగ్గు నుంచే ఇవ్వాలి. మెట్రోనిడజోల్ వంటి మందులు వాడుతున్నవారికి మద్యం వద్దని వైద్యులు చెబుతారు, కాబట్టి ఎవరైనా మందుల పేరు చెప్పి సందేహిస్తే బలవంతపెట్టవద్దు. వైన్‌లో ఉండే సల్ఫైట్లు కొందరు ఉబ్బస రోగులకు పడవు. అడుగున మిగిలిన పండ్ల ముక్కలు కూడా ఆల్కహాల్‌ను బాగా పీల్చుకుని ఉంటాయి, వాటిని పిల్లల చేతికి అందనివ్వకండి.

ముందురోజు తీరిక దొరకక, అతిథులు రావడానికి అరగంట ముందు మాత్రమే వంటింట్లో అడుగుపెట్టగలిగితే, హడావిడిగా సాంగ్రియా చేయడం కంటే స్పెయిన్‌లోనే వేసవిలో ఇళ్లల్లో, చిన్న హోటళ్లలో ఎక్కువగా తాగే టింతో దె వెరానో చేయమని నా సలహా. చల్లటి లేత రెడ్ వైన్, చల్లటి నిమ్మ సోడా సమానంగా, ఐసు నింపిన గ్లాసులో పోసి, ఒక నిమ్మ చక్రం వేస్తే చాలు. పండ్లు నానలేదే అన్న దిగులు అందులో ఉండదు, ఆల్కహాల్ కూడా ఏడు శాతం లోపే ఉంటుంది.

విందు అయ్యాక మూలమిశ్రమం మిగిలితే పండ్లను వడకట్టి తీసేసి, ద్రవాన్ని సీసాలో నిండా పోసి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు, ఆ మర్నాడు కూడా బాగానే ఉంటుంది. సోడా కలిపినదీ, గంటల తరబడి బల్ల మీద వెచ్చగా ఉన్నదీ, అందులో తేలిన పండ్లూ మాత్రం దాచవద్దు.